ఒక్క బీటు తేడా

ప్రకటనల గది, రైల్వే స్టేషన్
జూన్ 6

మామయ్యకి,

నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. "ఫోన్లో మనిషి గొంతుకి కింది స్వరాలుండవు, అట్లాంటి గొంతులతో నేను మాట్లాడను" అని నువ్వు అమ్మతో అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం.

నా ఉద్యోగం నీకు తెలుసుగా. ఎవరో చదివి పెట్టిన మాటలు ముక్కలుగా కోసి, "ఏడో నంబరు ప్లాట్‌ఫారం", "నలభై నిమిషాలు ఆలస్యంగా" అని అతికిస్తుంటాను. మిగిలిన టైములో అదే కంప్యూటర్ మీద నా సంగీతం చేసుకుంటాను. కిందటి నెల మీ పియానో ఆయన భార్య ఇల్లు సర్దుతూ నాకొక అట్టపెట్టె ఇచ్చింది. అందులో ఒక టేపు చుట్ట ఉంది. మీ నలుగురి బ్యాండ్ స్టూడియోలో చేసిన ఒకే ఒక్క రికార్డింగ్ అది. మామయ్యా, నువ్వింత బాగా వాయించేవాడివని నాకెవరూ చెప్పలేదేం? నువ్వు చెప్పావులే, చాలాసార్లు. నేనే నమ్మలేదు.

దాంతో ఒక పాట చేశాను. డ్రమ్ అండ్ బేస్ అంటారు దీన్ని. పేరు విని భయపడకు, ఇది మెత్తనిది. మీ జాజ్ నిమిషానికి ఎనభై ఆరు బీట్ల మీద నడిచింది. అందులోని డ్రమ్స్ దెబ్బలనే ముక్కలు చేసి, సరిగ్గా రెట్టింపు వేగంలో, నూట డెబ్బై రెండులో పేర్చాను. డ్రమ్స్ పరుగెడుతుంటే నీ నిలువెత్తు వయొలిన్, ఆ బేస్ మాత్రం కింద తాపీగా నడుస్తుంటుంది. వెనకాల పియానో తీగల మోత సాగదీసి పొగమంచులా పరిచాను.

ఒక చిన్న రికార్డు కంపెనీ తమ సంకలనంలో వేస్తామంటోంది. బ్యాండ్‌లో బతికున్న వాళ్ళిద్దరి సంతకాలు కావాలట. అంటే నువ్వూ, నాన్నా. నాన్నకి ఇంకా చెప్పలేదు. డిస్క్, కాగితం జతచేశాను. తిట్టడం అయ్యాక సంతకం పెట్టు.

నీ మేనకోడలు


సంగీత పాఠశాల, వెనక మేడ
జూన్ 17

కోడలు పిల్లకి,

నీ డిస్క్ విన్నాను. మొదట్లో మా ఫ్రిజ్ పాడైందనుకుని లేచి వెళ్ళి దాని తలుపు గట్టిగా వేసి వచ్చాను. ఆ మూలుగు ఆగకపోయేసరికి అది నీ సంగీతమని అర్థమైంది. పొగమంచట! పొగమంచు కావాలంటే కిటికీ తెరుచుకుని కూర్చునేవాణ్ణి.

తర్వాత గిన్నెల బుట్ట మెట్ల మీంచి దొర్లింది. అది కింద పడేదాకా ఓపిక పట్టాను, పడలేదు. ఐదు నిమిషాలు దొర్లుతూనే ఉంది. ఎవరు తరుముతున్నారమ్మా మిమ్మల్ని? మీ తరంలో ఒక్కరికీ తీగ సవరించడం రాదు, ఇంకొకరు వాయించింది కత్తిరించడం మాత్రం వచ్చు. దర్జీ దగ్గర మిగిలిన పేలికలు ఏరుకొచ్చి చొక్కా కుట్టానంటే ఎవరు తొడుక్కుంటారు? ఇక్కడ నలభై మంది పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. వాళ్ళలో అందరికంటే మొద్దు కూడా ఇంతకన్నా నయం.

ఒక్కటి ఒప్పుకుంటాను. ఆ గోలలో ఒక డబుల్ బేస్ ఉంది. దాన్ని వాయించినవాడికి సంగీతం తెలుసు. మిగతా ఎవరికీ తెలిసినట్టు లేదు.

మా డ్రమ్మర్ మీ నాన్న. మేం గడియారం అని పిలిచేవాళ్ళం. ఆ పేరు పెట్టింది నేనే, నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి. ఇన్నేళ్ళలో మాకు ఒక్క అవకాశం వచ్చింది. టేపు చుట్టలో ఒక్క పాటకే చోటు మిగిలింది. సరిగ్గా ఆ పాటలో మీ నాన్న బీటు తప్పాడు. 'లయ జారింది, తీసుకోలేం' అని కంపెనీవాళ్ళు తిప్పి పంపారు. బ్యాండ్ అక్కడితో సరి. ఆ టేపు నేను ఒక్కసారి కూడా వినలేదు. వినక్కర్లేదు, నేనక్కడే ఉన్నాను.

అందుకని నా షరతు ఒకటే. ఆ డ్రమ్స్ మొత్తం తీసెయ్. నీ మిషన్లో బోలెడు డ్రమ్స్ ఉంటాయిగా, అవి పెట్టుకో. నా బేస్ ఉంచు. అప్పుడు సంతకం పెడతాను. మీ నాన్నని ఇందులోకి లాగకు.

మామయ్య


ప్రకటనల గది
జూన్ 28

మామయ్యకి,

నీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. ఫ్రిజ్ దగ్గర బాగా నవ్వారు. జాజ్ కచేరీకి కిందటేడు నేనూ వెళ్ళాను. స్టేజి మీద ఐదుగురు, కింద ఆరుగురు. ఆ ఆరుగురిలో ఇద్దరు వాయించేవాళ్ళ అక్కాచెల్లెళ్ళు, ఒకాయన నిద్రపోయాడు. కాబట్టి నా గిన్నెల బుట్ట సంగతి నాకు వదిలెయ్.

డ్రమ్స్ తీయను. నీ బేస్ బాగుంది, కాదనను. కానీ నేను ఆ టేపు మీద మనసు పడింది బ్రష్‌ల కోసం. తోలు మీద ఆ వైరు బ్రష్‌లు రాస్తుంటే ఎవరో పక్కగదిలో నిదానంగా ఊడుస్తున్నట్టు ఉంటుంది. ఆ మెత్తదనం నా మిషన్లో దొరకదు. దొరికితే నీకు ఉత్తరమే రాసేదాన్ని కాదు.

ఇంకో సంగతి. నాన్నకి తెలిసిపోయింది. ఆదివారం నా గదిలో పెట్టుకుని వింటున్నాను. నాన్న కొట్టు నుంచి పెందలాడే వచ్చాడు. మెట్ల మీదే ఆగిపోయాడు. నేను తలుపు తీసేసరికి చేతిలో స్క్రూడ్రైవర్లు ఉన్న సంచీతో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఆపెయ్యమ్మా. అది నేను తప్పు కొట్టిన టేపు" అన్నాడు.

ఎక్కడ తప్పు నాన్నా అని అడిగితే "మీ మామయ్యకి తెలుసు" అన్నాడు. సంతకం పెట్టనన్నాడు. తన తప్పు ఊళ్ళో వాళ్ళంతా వినడం ఇష్టం లేదట.

నేను టేపుని పదిసార్లు విన్నాను. మూడు నిమిషాలు కావస్తుండగా ఏదో తేడా చేస్తోందని చెవికి తెలుస్తోంది, ఎవరి వల్లో తెలియడం లేదు. నీ అంత చెవి నాకు లేదుగా. ఎక్కడ తప్పాడో చెప్పు.

నీ మేనకోడలు


సంగీత పాఠశాల, వెనక మేడ
జూలై 9

కోడలు పిల్లకి,

నీకు తెలియకపోవడంలో వింతేముంది? రోజంతా "నలభై నిమిషాలు ఆలస్యం" అని అతికించే చెవికి ఒక బీటు ఆలస్యం ఏం ఆనుతుంది? అవన్నీ ఒకరు చెబితే వచ్చేవి కావు. నేను ముప్పయ్యేళ్ళుగా చెబుతున్నా ఇక్కడ ఒక్కడికీ రాలేదు.

వెతుక్కుంటూ కూర్చోకు. రెండు నిమిషాల యాభై సెకన్ల దగ్గర టేపు కోసెయ్. అక్కణ్ణించి ఏదీ పనికిరాదు. ముందు భాగంలో నా సోలో ఉంది, అది చాలు. మీ నాన్న సంగతి ఆయన నోటితోనే విన్నావుగా. తన తప్పు తానే ఒప్పుకుంటున్నాడు, మధ్యలో నీకెందుకీ పరిశోధన? నేను సంతకం పెట్టి పంపుతున్నాను. డ్రమ్స్ తీసేస్తేనే అది చెల్లుతుందని కింద రాశాను, చూసుకో.

ఆ పొగ కూడా కాస్త తగ్గించు. దగ్గొస్తోంది.

మామయ్య


ప్రకటనల గది
జూలై 15

మామయ్యకి,

ఆ టేపు ఒక్కసారి కూడా వినలేదన్నావు. రెండు నిమిషాల యాభై సెకన్లని ఎలా తెలిసింది?

నువ్వు చెప్పిన చోటికి వెళ్ళి చూశాను. చెవితో కాదు, కంటితో. నా కంప్యూటర్లో శబ్దం బొమ్మలా కనిపిస్తుంది. బీటుకి ఒకటి చొప్పున నిలువు గీతలు గీసుకోవచ్చు. నాలుగు గీతలు ఒక బార్. నాన్న దెబ్బలన్నీ ఆ గీతల మీద కూర్చున్నాయి, మొదటి బార్ నుంచీ. మనిషి వాయించింది అంత నిలకడగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. గడియారం అని సరిగ్గానే పేరు పెట్టావు.

అరవై మూడో బార్‌లో నువ్వు మూడే వాయించావు. నాలుగోది మింగేసి తర్వాతి బార్‌లోకి దూకావు. అక్కణ్ణించి ఒక బీటు ముందున్నావు. పియానో, శాక్సఫోన్ నీ వెంట వచ్చేశారు. రావాలి కదా, బేస్ ఎటు పోతే వాళ్ళు అటే. నాన్న ఒక్కడే రాలేదు. ఎనిమిది బార్లు ముగ్గురికి ఎదురుగా ఒక్కడే తన గీతల మీద నిలబడ్డాడు. తొమ్మిదో బార్‌లో వంగి నీ దగ్గరికి జరిగాడు. ఆ జరగడమే అందరికీ తప్పులా వినిపించింది.

నీ ఉత్తరాలు మళ్ళీ చదివాను. డ్రమ్స్ తీసెయ్ అన్నావు. టేపు కోసెయ్ అన్నావు. నేను నా సంగీతాన్ని వెక్కిరిస్తున్నావనుకుని సరదా పడ్డాను. ఎంత అమాయకురాలిని!

నాన్నకి చెప్పలేదు. నీకు ముందే తెలుసా? అది ఒక్కటి రాయి.


సంగీత పాఠశాల, వెనక మేడ
ఆగస్టు 20

కోడలు పిల్లకి,

నెల దాటింది, జవాబు రాయలేదని తిట్టుకుంటుంటావు. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. బొమ్మలు చూసి సంగీతానికి తీర్పు చెప్పే కాలం వచ్చిందని ఒకదాంట్లో రాశాను. బాగానే రాశాను కూడా. కానీ పంపలేకపోయాను.

తెలుసు.

పాట అవగానే స్టూడియోలోనే అరిచాను. అప్పుడు నిజంగానే ఆయన తప్పాడనుకున్నాను. మీ నాన్న బ్రష్‌లు కింద పెట్టి "నేనేనా బావా?" అని అడిగాడు. "నువ్వే" అన్నాను. వారం తర్వాత టేపు తిరిగొచ్చింది. రికార్డింగ్ మనిషి గదిలో పెట్టించుకుని విన్నాను. రెండోసారికే తెలిసిపోయింది. ఆ రికార్డింగ్ మనిషి నా మొహం చూసి మిషన్ ఆపేశాడు. టేపు చెరిపెయ్యమని పియానో వాడికిచ్చాను. చెరిపేశానన్నాడు. వాడూ మోసగాడే.

మీ నాన్న ఎదురు తిరిగితే ఒప్పుకుందామనుకున్నాను, ఇది నిజం. ఆయన ఎదురు తిరగలేదు. నేనన్నానని నమ్మేశాడు. తన చేతుల కన్నా నా చెవిని ఎక్కువ నమ్మాడు. అంత తేలిగ్గా నమ్మే మనిషితో ఏం చేయాలి? నలుగురి ముందు నోరు పారేసుకున్నాక వెనక్కి తీసుకోవడం నాకు చేతకాలేదు. డ్రమ్స్ అమ్మేశాడని విని, పోనీలే, అంత పిరికివాడు డ్రమ్స్ ఏం వాయిస్తాడని అనుకున్నాను. అనుకుని హాయిగా నిద్రపోయాను.

ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు దాటాక ఇది తవ్వి ఎవరికేం లాభం? ఆయన కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ సుఖంగా ఉన్నాడు. నాకు వేళ్ళు వాచి బేస్ పట్టుకోవడానికే లేదు. ఇద్దరు ముసలాళ్ళని ఇలా వదిలెయ్.

మామయ్య


ప్రకటనల గది
ఆగస్టు 24

మామయ్యా,

నాన్న సుఖంగా ఉన్నాడన్నావు. విను.

నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడు స్కూల్లో పాట పాడాను. హాలంతా లయకి చప్పట్లు కొడుతోంది. ముందు వరసలో నాన్న మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నా పాట నచ్చలేదనుకుని ఇంటికొచ్చి ఏడ్చాను. "కాదమ్మా, నేను కొడితే తప్పిపోతుంది. నీ పాట పాడవుతుంది" అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. మా నాన్న ఇరవై తొమ్మిదేళ్ళుగా చప్పట్లు కొట్టలేదు. నువ్వు హాయిగా నిద్రపోయావు.

నీ షరతు పాటించి చూశాను. డ్రమ్స్ తీసేశాను. నీ బేస్ ఒక్కటే ఎంతో అందంగా ఉంది. అరవై మూడో బార్‌లో ఏం జరిగిందో దేవుడికి కూడా తెలియదు. అచ్చం నువ్వు కోరుకున్నట్టే ఉంది. నాకు అసహ్యం వేసింది.

నీ సంతకం కాగితం తిప్పి పంపుతున్నాను. నాన్నకి నేను చెప్పను. నేను చెబితే కూతురు కాబట్టి వెనకేసుకొస్తోందనుకుంటాడు. ఆయన నమ్మేది నీ చెవిని. కొట్టు ఆదివారం కూడా తెరిచే ఉంటుంది. నిన్ను ఇన్నాళ్ళూ గొప్పవాడివనుకున్నందుకు నా మీద నాకే సిగ్గుగా ఉంది.


సంగీత పాఠశాల, వెనక మేడ
సెప్టెంబరు 8

కోడలు పిల్లకి,

నిన్న వెళ్ళాను. నీకు చెప్పకుండా వచ్చి వెళ్ళిపోయినందుకు ఏమీ అనుకోకు. నీ మొహం చూసే ధైర్యం లేకపోయింది.

మీ నాన్న ఒక మిషన్ని బోర్లా పడుకోబెట్టి నూనె వేస్తున్నాడు. నన్ను చూసి "రా బావా" అని స్టూలు తుడిచాడు. ఆ స్టూలు తుడవకుండా ఉంటే నాకు సులువుగా ఉండేది. బస్సులో నాలుగు గంటలు తయారు చేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "ఆ రోజు తప్పింది నేను. నువ్వు కాదు. వారానికే తెలిసింది నాకు" అనేశాను. టిక్కెట్టు చింపి ఇచ్చినట్టు అనేశాను.

ఆయన తల ఎత్తలేదు. "ఏ బార్?" అని అడిగాడు.

"అరవై మూడు."

నూనె డబ్బా పక్కన పెట్టి కాసేపు వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ లెక్కపెట్టుకున్నాడు. "నేను డెబ్బై రెండనుకుంటున్నా ఇన్నాళ్ళూ" అన్నాడు. చూశావా, ఆయనకి బార్ నంబరు కూడా గుర్తుంది. తను నా దగ్గరికి జరిగిన బార్ అది. ఇన్నేళ్ళూ దాన్నే తలుచుకుంటున్నాడు.

క్షమించమన్నాను. ఆయన మిషన్ని లేపి నిలబెట్టి, చక్రం తిప్పి చూసి, "నువ్వెళ్ళు బావా. ఒంటిగంటకి మనిషొస్తాడు దీనికోసం" అన్నాడు. బయటికొచ్చి రోడ్డవతల నిలబడ్డాను. రెండున్నర దాకా ఎవరూ రాలేదు.

జీవితమంతా ఇతరుల చెవుల్ని ఎగతాళి చేశాను. నా కన్నా నీచంగా వాయించినవాడు లేడు. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అమ్మడూ.

మామయ్య


ప్రకటనల గది
సెప్టెంబరు 26

మామయ్యకి,

నాన్న పదకొండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అమ్మ నన్ను తిట్టింది, నిన్ను నాకన్నా ఎక్కువ తిట్టింది. నీ చెల్లెలు కాబట్టి నీ గురించి ఆమెకు తెలిసినన్ని మాటలు ఇంకెవరికీ తెలియవు. అవన్నీ ఇక్కడ రాయలేను.

పన్నెండో రోజు పొద్దున నాన్న నా గదిలోకొచ్చి "ఆ టేపు పెట్టు" అన్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టాను. కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అరవై మూడో బార్ రాగానే నవ్వాడు. మామయ్యా, మా నాన్న అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. "బావ జారాడు! ఎంత బాగా జారాడో చూడు!" అని మళ్ళీ పెట్టించుకున్నాడు. ఏడుసార్లు నవ్వాడు. ఎనిమిదోసారి నవ్వలేదు. "నేను ఇంకొంచెం ఉండాల్సింది. ఎనిమిది బార్లు ఉన్నానుగా, ఇంకొంచెం ఉండాల్సింది" అన్నాడు.

"నువ్వేదో తిప్పి తిప్పి వాయిస్తావుగా, దాంతో ఏమేం చెయ్యొచ్చు?" అని అడిగాడు. ఒక ముక్కని ఎన్నిసార్లయినా తిప్పొచ్చు, ఎవర్నయినా జరపొచ్చని చూపించాను. ఆయన రెండు షరతులు పెట్టి సంతకం చేశాడు. నీ తప్పు దిద్దకూడదు, అందరికీ వినపడాలి. తను వంగిన చోటు రాకూడదు.

అలాగే చేశాను. ఆ ఎనిమిది బార్లని నాలుగుసార్లు తిప్పాను. ముప్పై రెండు బార్లు నాన్న ఒక్కడే నిలబడతాడు, చుట్టూ మీరు ముగ్గురూ తప్పుగా వాయిస్తుంటారు. ఆ గోల విచిత్రంగా బాగుంటుంది, మా వాళ్ళకి పిచ్చెక్కుతుంది. తర్వాత నీ బేస్ ఒక బీటు ఆగుతుంది. ఆగి నాన్న దగ్గరికి వస్తుంది.

నిన్ను క్షమించాడా అని అడగలేదు. నేనైతే ఇంకా క్షమించలేదు. డిస్క్, కొత్త కాగితం పంపుతున్నాను. ఈసారి కింద ఏమీ రాయకు.

నీ మేనకోడలు


సంగీత పాఠశాల, వెనక మేడ
అక్టోబరు 5

కోడలు పిల్లకి,

సంతకం పెట్టాను. కింద ఏమీ రాయలేదు.

పొగ ఇంకా ఎక్కువే ఉంది, నేనేం మారలేదు. కానీ ఆ ముప్పై రెండు బార్లూ కుర్చీ అంచు మీద కూర్చుని విన్నాను. నేను తప్పుగా వాయిస్తున్నానని తెలుస్తూనే ఉంది, ఎప్పుడు ఆగుతాడు వీడు అని నా మీద నాకే విసుగొచ్చింది. తర్వాత ఆగాను. ఆగడానికి పట్టింది ఒక్క బీటు. అంతేనా అనిపించి తల పట్టుకుని ఏడ్చాను.

వచ్చే ఆదివారం మళ్ళీ కొట్టుకి వెళ్తున్నాను. వెళ్ళమంటే రోడ్డవతల నిలబడతాను. నీకు చెప్పే వస్తున్నాను ఈసారి.

మామయ్య